చేపల తొట్టిలో వడపోత పొరలు: మార్చవలసిన దెప్పుడు?

సంక్రాంతి వచ్చుచున్న దనగా తెలుగువారి యిండ్లలో బూజు దులుపుట, సున్నము వేయుట, పాత సామానులు బయట పడవేయుట పరిపాటి. కొన్ని సంవత్సరముల క్రిందట మా యింటను ఆ పని జరిగెను. గోడలు తెల్లబడినవి; గడపలకు పసుపు పడినది. మా ముందుగదిలో రెండడుగుల గాజుతొట్టి యొకటి కలదు. అందులో అయిదు బంగారు చేపలు. ఇల్లంతయు మెరయుచుండగా ఆ తొట్టి మాత్రము ఏల మాసి యుండవలె నని నాకు తోచెను. ఫిల్టరు విప్పి చూచితిని. లోపలి స్పాంజి గోధుమరంగుకు తిరిగి, జిగురు పట్టి, చేతికి అసహ్యముగా నుండెను. దానిని పారవైచి క్రొత్త స్పాంజి పెట్టితిని. దూదిపొర మార్చితిని, బొగ్గుసంచి మార్చితిని. అడుగున నున్న గులకరాళ్లను కుళాయి క్రింద పెట్టి తళతళలాడునట్లు కడిగితిని. పాతనీరంతయు తోడిపోసి క్రొత్తనీరు నింపితిని. భోగినాటికి తొట్టి అద్దమువలె నుండెను.

కనుమనాడు చేపలు నీటి పైభాగమునకు వచ్చి, నోళ్లు తెరచి, గాలికై యాతనపడసాగినవి. వారము తిరుగకముందే అయిదింటిలో మూడు చనిపోయినవి. అప్పటికి ఎనిమిదేండ్లు నిండిన మా అమ్మాయి నన్ను ఇట్లడిగెను: “నీళ్లు ఇంత శుభ్రంగా ఉన్నాయి కదా నాన్నా! మరి చేపలు ఎందుకు చచ్చిపోయాయి?”

ఆ ప్రశ్నకు ఆనాడు నావద్ద సమాధానము లేదు. దానిని వెదకుకొన్న తరువాతనే, ఫిల్టరులోని పొరలను ఎప్పుడు మార్చవలెనో, ఎప్పుడు మార్చరాదో నాకు బోధపడినది. చేపల తొట్టి గల యిండ్లవారికి ఉపయోగపడు నను తలంపుతో ఆ సంగతులను ఇక్కడ మనవి చేయుచున్నాను.

కంటికి కనబడని విషము

చేప తిన్న ఆహారములోని మాంసకృత్తులు దాని శరీరమునకు వినియోగపడగా, మిగిలిన నత్రజని అమ్మోనియా రూపమున, ముఖ్యముగా మొప్పలగుండా, నీటిలోనికి వచ్చును. తినక మిగిలిన మేత కుళ్లినను, మొక్కల ఆకులు కుళ్లినను అమ్మోనియాయే పుట్టును. నదిలో నైనచో అది విస్తారమైన నీటిలో కలిసిపోవును. గాజుతొట్టిలో దానికి పోవు దారి లేదు. అమ్మోనియాకు రంగు లేదు. స్వల్పముగా నున్నప్పుడు వాసనయు తెలియదు. కనుక మన కంటికి స్ఫటికమువలె కనబడు నీరు చేపకు విషజలమై యుండవచ్చును. కొల్లేటి పరిసరములలోను, భీమవరము ప్రాంతమునను చేపల చెరువులు, రొయ్యల చెరువులు పెంచు రైతులకు ఈ మాట క్రొత్తది కాదు. వారు నీటిలోని అమ్మోనియాను పరీక్షింపజేసి, దానినిబట్టి మేత తగ్గించుట, నీరు మార్చుట చేయుదురు. చెరువునకు వర్తించు న్యాయమే గాజుతొట్టికిని వర్తించును.

ఫిల్టరు చేయు పనులు మూడు. మొదటిది, తేలియాడు చెత్తను ఆపుట. ఇది దూదిపొర, స్పాంజి చేయును. రెండవది, నీటిలో కరిగిన రంగును, వాసనను, మందులను పీల్చుట. ఇది బొగ్గు చేయును. మూడవది, విషమును విరుచుట. ఇది సూక్ష్మజీవుల పని. అవి స్పాంజి రంధ్రములలోను, సెరామిక్ రింగులమీదను, గులకరాళ్లమీదను పలుచని జిగటపొరగా అంటుకొని జీవించును. వానిలో కొన్ని అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రైటు కూడ విషమే. చేప రక్తమున ప్రాణవాయువును మోయు పదార్థమును అది చెరచును. అప్పుడు నీటిలో ప్రాణవాయు వున్నను చేపకు ఊపిరి యాడదు. నైట్రేటు వానితో పోల్చినచో సాధువు. వారమున కొకసారి కొంత నీరు మార్చుచు దానిని అదుపులో నుంచవచ్చును.

నేను అసహ్యించుకొని పారవైచిన గోధుమరంగు జిగురులో నున్నవి ఈ సూక్ష్మజీవులే. తొట్టికి అవి మూత్రపిండముల వంటివి. స్పాంజిని, గులకరాళ్లను ఒకేదినమున శుభ్రపరచి నేను వాని నన్నింటిని ఒక్కసారిగా తొలగించితిని. చేపలు మాత్రము యథాప్రకారము అమ్మోనియా విడుచుచునే యుండెను.

తండ్రి తొట్టి, కుమారుని పరిశోధన

ఈ విషయము తెలిసివచ్చిన కథ ముచ్చటైనది. 1850లో లండను నగరమున రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు గాజుతొట్టిలో బంగారు చేపలను, నీటిమొక్కను, నత్తలను కలిపి పెంచి, మాటిమాటికి నీరు మార్చకయే అవి బ్రతుకు విధమును ప్రకటించెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలయందు ప్రజలు చూచుటకు మత్స్యశాల తెరువబడెను. మరుసటి సంవత్సరము ఫిలిప్ హెన్రీ గాస్ తన గ్రంథమునకు అక్వేరియ మను పేరు పెట్టగా ఆ మాట లోకమున వ్యాప్తి చెందెను. తొట్టిలోని సమతూకమునకు మొక్కలు, నత్తలు కారణమని వారింగ్టన్ వివరించెను. అది కొంతవరకు నిజమే. కాని మూడవ జీవకోటి యొకటి అచ్చట పనిచేయుచున్నదని ఆనాడు ఎవరికిని తెలియదు.

ఆయన కుమారుని పేరును రాబర్ట్ వారింగ్టనే. అతడు ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనకేంద్రమున, మట్టిలోని అమ్మోనియా నైట్రేటుగా మారు విధమును ఏండ్లతరబడి పరిశోధించెను. ఆ మార్పు రెండు మెట్లలో జరుగుననియు, ఒక్కొక్క మెట్టునకు వేరు వేరు సూక్ష్మజీవులు కలవనియు అతడు చూపెను. వానిని విడదీసి పెంచుటలో 1890 ప్రాంతమున రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ కృతకృత్యు డయ్యెను. తండ్రి తొట్టిలో కనబడక దాగిన పనివారిని కుమారుడు పొలపు మట్టిలో గుర్తించినాడన్నమాట.

ఆ పరిశోధన ఇప్పటికిని సాగుచునే యున్నది. 2005లో, అమెరికాలోని సియాటిల్ నగరపు అక్వేరియము తొట్టి నుండియే అమ్మోనియాను మార్చు మరియొక జాతి సూక్ష్మజీవిని వేరుచేసిరి. 2015లో, రెండు మెట్ల పనిని ఒక్కటియే చేయగల సూక్ష్మజీవులు బయటపడినవి. వానిలో కొన్ని చేపల పెంపకపు ఫిల్టరులో దొరికినవే.

మనకు కావలసిన సంగతి యొకటి ఇందులో కలదు. ఈ సూక్ష్మజీవులు మందముగా పెరుగును. పాలను పెరుగుగా తోడువేయు సూక్ష్మజీవులు ఒక రాత్రిలో పని ముగించును. ఇవి అట్లు కాదు; అనుకూల పరిస్థితులలో గూడ రెండింత లగుటకు చాలా గంటలు, ఒక్కొక్కప్పుడు దినమునకు మించియు పట్టును. అందువలననే క్రొత్తతొట్టి కుదుటపడుటకు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు కావలెను. ఒక గంటలో మనము కడిగివేసినదానిని తిరిగి సంపాదించుకొనుటకు తొట్టికి ఒక నెల పట్టునన్నమాట.

ఏ పొరను ఎప్పుడు మార్చవలెను?

ఫిల్టరులో నున్న వన్నియు ఒకే విధమైనవి కావు. కనుక అన్నింటికి ఒకే గడువు పెట్టరాదు.

దూదిపొర: అంగళ్లలో చుట్టగా అమ్ము తెల్లని పీచుపొర యిది. చౌకైనది; చెత్తను మొదట పట్టునదియు ఇదియే. నీరు దానిగుండా సులభముగా పోక ప్రక్కలనుండి దాటిపోవుచున్నను, పొర అణగి గట్టిపడినను మార్చివేయవలెను. చేపల సంఖ్యనుబట్టి వారమునకో, మూడు నాలుగు వారములకో ఆ స్థితి వచ్చును. దీనిని మార్చుటకు జంకనక్కరలేదు. దీనిని వేళకు మార్చినచో వెనుకనున్న స్పాంజి ఎక్కువకాలము మన్నును.

బొగ్గు: దీని రంధ్రములు నిండినచో ఇక పీల్చదు. సాధారణముగా కొన్ని వారములలోనే దీని బలము తీరును. తొట్టినీటిని గాజుగ్లాసులో పట్టి తెల్లకాగితము ముందు నిలిపి చూడవలెను. పసుపుచాయ కనబడినను, వాసన తిరిగి వచ్చినను బొగ్గు అయిపోయిన దని గ్రహింపవచ్చును. ఆరోగ్యముగా నున్న తొట్టికి బొగ్గు ఎల్లవేళల అవసరము లేదు. చేపలకు మందు వేయునప్పుడు మాత్రము బొగ్గును తప్పక తీసివేయవలెను. లేనిచో మందును అదియే పీల్చివేయును. చికిత్స ముగిసిన పిదప మిగిలిన మందును తొలగించుటకు క్రొత్త బొగ్గు పెట్టవచ్చును.

స్పాంజి: ఇందులోనే పొరపాటు పడువారు ఎక్కువ. స్పాంజి రంగు మారిన దని మార్చరాదు. తొట్టిలోనుండి తోడిన నీటిని బకెట్టులో పోసి, అందులో స్పాంజిని రెండు మూడుసార్లు పిండవలెను. చేయి వదలగానే అది పూర్వపు ఆకారమునకు వచ్చినచో ఇంకను పనికివచ్చును. అణగినది అణగినట్లే యున్నను, ముక్కలుగా రాలుచున్నను, చిరిగి నీటికి అడ్డదారి యిచ్చుచున్నను, పిండి పెట్టిన మరునాడే నీటిధార మరల సన్నగిల్లినను దాని ఆయువు తీరిన దని తెలియవలెను. మంచి స్పాంజి ఏండ్లతరబడి మన్నుట కలదు.

సెరామిక్ రింగులు: వీనిని మాటిమాటికి కదపరాదు. కొన్ని నెలల కొకసారి తొట్టినీటిలో ముంచి తీసిన చాలును. పొడిపొడిగా రాలుచున్నవానిని మాత్రమే తీసివేసి, ఆ మేరకు క్రొత్తవి చేర్చవలెను.

నీటిధార యెట్లున్నదో ఊహతో చెప్పుట కష్టము. దానికి సులభమైన కొలత యొకటి కలదు. ఫిల్టరును శుభ్రపరచిన దినమున, దానినుండి వచ్చు ధార క్రింద లీటరు పాత్ర పట్టి, అది నిండుటకు ఎన్ని సెకండ్లు పట్టినదో గోడమీది క్యాలెండరుపై వ్రాసికొనవలెను. తరువాత వారమున కొకసారి కొలువవలెను. ఇరువది సెకండ్లలో నిండిన పాత్రకు ముప్పది సెకండ్లు పట్టినచో పొరలను చూడవలసిన వేళ వచ్చినది. నీటిలో మునిగియుండు ఫిల్టరైనచో, దాని ధారకు పైనీరు ఎంతదూరము అలలాడుచున్నదో గమనించిన చాలును. ధార తగ్గుటకు పొరలే కారణ మనుకొనక, నీరు లాగు గొట్టమును, లోపల తిరుగు చిన్న రెక్కను గూడ శుభ్రపరచి చూడవలెను. పలుమారు దోషము అచ్చటనే యుండును.

ఆర్.ఓ. పొర

ఉప్పునీటి బోరులు గల ఊళ్లలో కొందరు ఆర్.ఓ. యంత్రపు నీటిని తొట్టినీటిలో కలుపుదురు. ఆ యంత్రములోని పొర వేరు జాతిది. 1950 దశకము చివర అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున సిడ్నీ లోబ్, భారతదేశమున జన్మించిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి చేసిన కృషితో ఇట్టి పొరలు ఆచరణయోగ్యమైనవి. దీనియందు మనకు కావలసిన సూక్ష్మజీవు లేవియు నుండవు. దీనిని మార్చు వేళను టి.డి.ఎస్. మీటరు చెప్పును. లోనికి పోవు నీరు 600 చూపి, పొర దాటి వచ్చినది 30 చూపినచో, నూటికి 95 పాళ్లు లవణములను పొర ఆపుచున్న దన్నమాట. వచ్చునీరు 60 దాటినచో, అనగా ఆపు శక్తి నూటికి 90కి తగ్గినచో, క్రొత్తపొర సంగతి తలచవలెను. యంత్రములో పచ్చినీటిని తిరిగి కలుపు ఏర్పా టున్నచో, కలియుటకు ముందటి నీటినే కొలువవలెను. క్లోరిను ఈ పొరను చెరచును గనుక, దాని ముందున్న బొగ్గుగొట్టమును వేళకు మార్చుట పొరకు రక్ష. ఇంకొక మాట: ఆర్.ఓ. నీటిని మాత్రమే తొట్టిలో నింపరాదు. చేపలకును కొన్ని లవణములు అవసరమే.

మార్చు విధానము

ఫిల్టరులోని పొరల నన్నింటిని ఒకేనాడు మార్చరాదు. స్పాంజి రెండు ముక్కలుగా నున్నచో నేడు ఒకటి, నెల గడచిన పిదప రెండవది మార్చవలెను. ఒకటే ముక్క యైనచో క్రొత్తదానిని పాతదాని ప్రక్కన నాలుగైదు వారము లుంచి, తరువాత పాతదానిని తీయవలెను. స్పాంజి మార్చిన వారమున గులకరాళ్లను కడుగరాదు. నీరంతయు ఒక్కసారి మార్చరాదు. పొరలను సబ్బుతో తోమరాదు, ఎండలో ఆరబెట్టరాదు. పురపాలకసంఘపు కుళాయినీటిలో క్లోరిను కలుపుదురు. మనలను కాపాడుటకు కలుపు ఆ మందు ఫిల్టరులోని సూక్ష్మజీవులను గూడ చంపును. అందుచేతనే తొట్టినుండి తోడిన నీటితోనే కడుగు మని చెప్పుట.

మార్చిన తరువాత రెండు వారములపాటు నీటిని పరీక్షించుట మేలు. అక్వేరియము సామగ్రి అమ్ము అంగళ్లలో టెస్టు కిట్లు దొరకును. అమ్మోనియా, నైట్రైటు రెండును సున్న చూపవలెను. ఏ యొక్కటి కనబడినను మేత తగ్గించి, కొంత నీరు మార్చవలెను.

మన వేసవిలో ఈ జాగ్రత్త ఇంకను అవసరము. అమ్మోనియా నీటిలో రెండు రూపముల నుండును. వానిలో ఒకటి మిక్కిలి విషకరము. నీరు తటస్థముగా నున్నప్పుడు, అనగా పి.హెచ్. 7 అయినప్పుడు, 25 డిగ్రీల వేడిలో ఆ రూపము నూటికి ఇంచుమించు అరపాలు మాత్రమే. నీరు క్షారమై పి.హెచ్. 8 చేరినచో అది నూటికి అయిదు పాళ్లు దాటును. వేడి పెరిగినకొలది ఇంకను హెచ్చును. పైగా, 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇమిడినచో, 30 డిగ్రీల నీటిలో 7.5 మిల్లీగ్రాములే ఇముడును. బోరునీరు పెక్కుచోట్ల క్షారగుణము కలది. కనుక స్పాంజి మార్చవలసి వచ్చినచో, నడివేసవికి పూర్వమే ఆ పని ముగించుకొనుట మంచిది.

విద్యుత్తు చాలాసేపు ఆగినప్పుడును పొరలను చూచుకొనవలెను. మూతబిగిసిన ఫిల్టరులో నీరు కదలనిచో సూక్ష్మజీవులకు ప్రాణవాయువు అందదు. కొన్ని గంటల పిమ్మట లోపలినీరు చెడును. విద్యుత్తు రాగానే ఆ చెడునీరు తొట్టిలోనికి దూకును. అందువలన మొదట మూత తీసి, ఆ నీరు పారబోసి, పొరలను తొట్టినీటిలో ఒకసారి ముంచి, తరువాతనే నడుపవలెను.

నావలెనే ఎవరైన పొరపాటు చేసి యున్నచో నిరాశ చెంద నక్కరలేదు. పారవైచిన స్పాంజి ఇంకను తడిగా నున్నచో తెచ్చి మరల పెట్టవలెను. లేనిచో, ఆరోగ్యముగా నున్న తొట్టి గల మిత్రుని అడిగి పాత స్పాంజి ముక్క యొకటి తెచ్చుకొనవలెను. పాలకు తోడు వంటిది అది. రెండు దినములు మేత ఆపవలెను. గాలిగొట్టమును ఎక్కువగా నడుపవలెను. దినమునకు నాలుగవవంతు నీటిని, క్లోరిను పోయిన నీటితో మార్చుచుండవలెను. నా పాత స్పాంజి చెత్తకుండీలో ఎండుచుండగా ఈ సంగతి నాకు తెలియదు. తెలిసియున్నచో ఆ మూడు చేపలును బ్రతికెడివేమో.

భోగినాడు పాతదానిని వదలి క్రొత్తదానిని చేకొనుట మన ఆచారము. అది ఇంటికి మంచిదే. ఫిల్టరునకు మాత్రము వర్తింపదు. మిగిలిన రెండు చేపలు తరువాత నాలుగేండ్లు బ్రతికినవి. క్యాలెండరుపై సెకండ్లు వ్రాయు పని మా అమ్మాయియే పెట్టుకొన్నది. పొర మార్చుటకు ముందు మా యింట ఇప్పుడు మూడు ప్రశ్నలు వేసికొందుము: ధార తగ్గినదా? పిండిన స్పాంజి తిరిగి లేచుచున్నదా? గడచిన నెలలో మరి యే పొరనైన మార్చితిమా? ఈ మూడింటికి సమాధానము దొరకనిదే స్పాంజిపై చేయి వేయము. దాని రంగును గూర్చిన ప్రశ్న అందులో లేదు.